దుక్కిటెద్దుల శిక్షణలో ఓర్మి: శాస్త్రీయ ఆధారాలు, ఆచరణ

మెట్ట సేద్యంలో అంతరకృషి నాణ్యత గుంటక పదును మీద ఎంతగా ఆధారపడి ఉంటుందో, దానిని లాగే ఎద్దుల నడక మీద కూడా అంతగానే ఆధారపడి ఉంటుంది. వర్షాధారపు వేరుశనగలో వరుసల మధ్య ఉండేది 30 సెంటీమీటర్ల ఎడం మాత్రమే. ఆ ఇరుకులో ఎద్దు ఒక అడుగు పక్కకు వేస్తే గిట్ట కింద మొక్క నలిగిపోతుంది. ఉలిక్కిపడి ముందుకు దూకితే గుంటక పాస వరుసనే కోసివేస్తుంది. ఆగుతూ, ఉరుకుతూ నడిస్తే పాస ఒకచోట లోతుగా దిగి, మరొకచోట పైపైన జారి, కలుపు అలాగే నిలిచిపోతుంది. గొర్రుతో విత్తనం వేసేటప్పుడు సాలు వంకర పోతే ఆ వంకర పంటకాలమంతా వెంటాడుతుంది. కాబట్టి ఎద్దుకు పని నేర్పే విధానం పశుపోషణకు మాత్రమే చెందిన విషయం కాదు, సస్యశాస్త్రానికి కూడా సంబంధించినదే.

అయినప్పటికీ ఈ విషయానికి పాఠ్యపుస్తకాలలో దక్కిన చోటు బహు స్వల్పం. తరతరాలుగా ఈ విద్య తండ్రి నుండి కొడుకుకు, పెద్దపాలేరు నుండి చిన్నపాలేరుకు చేతి మీదుగానే సాగివచ్చింది. ఇప్పుడు ఆ గొలుసు తెగుతున్నది. 2012 నాటి పశుగణనతో పోల్చినప్పుడు 2019 పశుగణన నాటికి దేశంలో మగ గోజాతి పశువుల సంఖ్య సుమారు 30 శాతం తగ్గింది. ట్రాక్టరు రాకతో ఎద్దులు తగ్గడం సహజమే. అయితే ఎద్దులు తగ్గిన వేగం కన్నా, కోడెకు ఓపికగా కాడి నేర్పగల మనుషులు తగ్గిన వేగం ఎక్కువ. చిన్న కమతాలలో, వాలు భూములలో, మొక్కలు ఎదిగిన చేలలో అంతరకృషికి నేటికీ ఎద్దుల జతపై ఆధారపడే రైతులు ఉన్నారు. కొత్తగా జతను కొనే యువరైతుకు నేర్పేవారు ఊరిలో లేనప్పుడు అతని చేతికి మొదట అందేది కర్రే. విస్తరణ శాస్త్రవేత్త ముందున్న సమస్య ఇదే.

కోడె ప్రపంచాన్ని ఎలా చూస్తుందో తెలియనిదే దానికి నేర్పడం సాధ్యం కాదు. పశువు కళ్ళు తలకు ఇరుపక్కలా అమరి ఉండడం వలన అది తల తిప్పకుండానే తన చుట్టూ 300 డిగ్రీలకు పైగా చూడగలదు. సరిగ్గా వెనుక భాగం మాత్రం దానికి కనిపించదు. రెండు కళ్ళతో కలిపి చూడగలిగే మేర ముందు వైపు కొద్దిగానే ఉండడం చేత, లోతును అంచనా వేయడంలో అది మనిషికి సాటిరాదు. నేల మీద పడిన చెట్టు నీడ, నీటి గుంట, ఎండలో మెరిసే రేకు ముక్క, గట్టు మీద గాలికి ఊగే గుడ్డ పేలిక, ఇవన్నీ దానికి తలవంచి పరీక్షించవలసిన వస్తువులుగా తోస్తాయి. అటువంటి చోట కోడె ఆగితే అది మొండితనం కాదు, పరిశీలన. రెండు మూడు నిమిషాలు ఆగి, తల వంచి వాసన చూడనిస్తే అది తనంతట తానే దాటిపోతుంది. ఆ రెండు నిమిషాలకు ఓర్చుకోలేక వెనుక నుండి కొట్టినప్పుడు, కోడె నీడనూ దెబ్బనూ ఒకటిగా జతచేసుకుంటుంది. మరునాడు ఆ చోటికి రాకముందే బెదరుతుంది.

వినికిడి విషయంలో పశువు మనిషి కన్నా సున్నితమైనది. మనిషి వినలేని అత్యధిక పౌనఃపున్యపు ధ్వనులను కూడా అది వింటుంది. దాని చెవి అత్యంత చురుకుగా స్పందించేది 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు, ఈల, కీచుగొంతు అరుపు దాని చెవికి చాలా కటువుగా తగులుతాయి. కెనడాలో 1999లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో లోహపు తలుపుల చప్పుడునూ, మనుషుల అరుపులనూ రికార్డు చేసి మాంసపు జాతి పశువులకు వినిపించారు. రెండింటిలో మనుషుల అరుపులే పశువుల గుండె వేగాన్నీ, అలజడినీ ఎక్కువగా పెంచాయి. మాగాణిలో అరక వెనుక నడిచే పాతకాలపు సేద్యగాడు గొంతు పెంచకుండా, సాగదీసిన ఒకే స్వరంతో ఎద్దులను అదిలించే పద్ధతికి ఇంతకన్నా మంచి సమర్థన అవసరం లేదు.

భయం పట్టిన పశువు శరీరంలో ఏమి జరుగుతుందన్నది తరువాతి ప్రశ్న. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, శ్వాస వేగం పెరుగుతాయి. నెమరు ఆగిపోతుంది. కండరాలు పారిపోవడానికి సిద్ధపడతాయే గాని నెమ్మదిగా, నిలకడగా బరువు లాగడానికి సిద్ధపడవు. పాడి ఆవులలో ఈ ప్రభావం కొలవడానికి సులువు కాబట్టి పరిశోధన అక్కడ ఎక్కువగా జరిగింది. రషెన్, ద పాసిల్లే, మంక్స్‌గార్డ్ అనే శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించిన ప్రయోగంలో, గతంలో తమతో కఠినంగా ప్రవర్తించిన వ్యక్తి పాలు పితికే వేళ సమీపంలో నిలుచున్నంత మాత్రాననే ఆవుల పొదుగులో మిగిలిపోయే పాల పరిమాణం పెరిగింది. అంటే ఆవు మనిషిని గుర్తుపట్టింది. అతడు ఆ రోజు చేయి ఎత్తవలసిన అవసరం కూడా రాలేదు. అంతకుముందు చేసిన ప్రయోగాలలో ఆవులు మనుషులను వేరుచేసి గుర్తించడానికి వారు ధరించిన దుస్తుల రంగును కూడా ఆధారం చేసుకొన్నట్లు తేలింది. కోడెకు శిక్షణ ఇచ్చే మొదటి వారాలలో ఒకే మనిషి, వీలైతే ఒకే తీరు దుస్తులలో, దాని దగ్గరకు వెళ్ళడం మేలని చెప్పడానికి ఇదొక ఆధారం.

దుక్కిటెద్దు విషయంలో భయానికి చెల్లించే మూల్యం పాల రూపంలో కాక పని రూపంలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎద్దు తన దేహ బరువులో సుమారు 10 శాతం మేరకు గంటల తరబడి నిలకడగా లాగగలదు. 400 కిలోల బరువున్న రెండు ఎద్దుల జత 80 కిలోల లాగుడు బలంతో గంటకు 2.5 కిలోమీటర్ల చొప్పున నడిస్తే లభించే శక్తి సుమారు 0.55 కిలోవాట్లు. ఈ లెక్క నిలకడైన నడకకు మాత్రమే వర్తిస్తుంది. బెదిరిన ఎద్దు ఒక్క ఊపున రెండింతలు లాగి, వెంటనే ఆగి, మళ్ళీ దూకుతుంది. ఆ కుదుపులన్నీ కాడి కింద మెడ మీదనే పడతాయి. జతలోని రెండవ ఎద్దు కూడా లయ తప్పుతుంది. ఉదయం తొమ్మిది గంటలకే నోట నురగ తెచ్చుకొని, నాలుక బయటపెట్టి నిలబడే జతలలో కొన్నింటి అలసటకు నేల గట్టిదనం కారణం కాదు, బెదురే కారణం.

సంప్రదాయ పద్ధతులన్నీ క్రూరమైనవని గాని, అన్నీ మేలైనవని గాని అనడం సరికాదు. రెండు రకాలూ ఒకే ఊరిలో పక్కపక్కనే ఉండేవి. ఒక పద్ధతిలో ఏనాడూ మనిషి చేయి తగలని కోడెను ఒక్కసారిగా పట్టి, ముక్కు కుట్టి, ఆ పుండు మానకముందే కాడికి కట్టి, వెనుక బరువైన దుంగను తగిలించి, అలసి కూలబడేదాకా తోలేవారు. తోక మెలిపెట్టడం, ముల్లుగర్రతో పొడవడం అందులో భాగాలు. మూడు నాలుగు రోజులలో కోడె లొంగినట్లు కనిపిస్తుంది కాబట్టి ఈ పద్ధతికి పేరు వచ్చింది. కాని ఆ లొంగుబాటు నేర్చుకోవడం కాదు. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, తప్పించుకోలేని బాధకు గురైన కుక్కలు తరువాత తప్పించుకొనే వీలు కల్పించినా ప్రయత్నించకుండా ఉండిపోవడాన్ని గమనించి, దానికి అభ్యసిత నిస్సహాయత అని పేరు పెట్టారు. ఏమి చేసినా దెబ్బ తప్పదని గ్రహించిన ప్రాణి ఏమీ చేయకుండా ఉండడమే నేర్చుకుంటుంది. కాడి వేయగానే పండుకొని, ఎంత కొట్టినా లేవని ఎద్దును రైతులు సోమరిదని నిందిస్తారు. అటువంటి ఎద్దు చరిత్ర తెలుసుకొంటే చాలా సందర్భాలలో మొదటి వారం శిక్షణలోనే కారణం దొరుకుతుంది.

రెండవ పద్ధతి నెమ్మదైనది. కోడెదూడ పాలు మరిచిన నాటి నుండే దానిని మచ్చిక చేసుకొంటారు. ఇంటి ఆడవారు, పిల్లలు కుడితి పెట్టేటప్పుడు మెడ నిమురుతారు, గంగడోలు గోకుతారు, పేరు పెట్టి పిలుస్తారు. దూడ ముసలి ఎద్దుల వెంట చేనికి వెళ్ళి, గట్టున కట్టివేయబడి, అరక తిరగడాన్ని చూస్తుంది. పనికి వచ్చే వయసుకు దానికి మనిషి చేయి కొత్త కాదు, కాడి చప్పుడూ కొత్త కాదు.

గంగడోలు గోకడం అనే ఈ చిన్న అలవాటును కొంత వివరంగా పరిశీలించడం అవసరం. గోజాతి పశువులు తమలో తాము చనువును తెలుపుకొనేది నాకడం ద్వారా. అవి ఎక్కువగా నాకేది తల, మెడ భాగాలను. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ష్మీడ్, వైబ్లింగర్ ప్రభృతులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఆవులను శరీరంలోని వేర్వేరు చోట్ల నిమిరి, వాటి స్పందనను పోల్చి చూశారు. మెడ అడుగు భాగాన నిమిరినప్పుడు ఆవులు మెడ చాచి, చెవులు వాల్చి, హాయిని సూచించే భంగిమలను ఎక్కువగా ప్రదర్శించాయి. పశువులు ఒకదానినొకటి నాకే చోటనే మనిషి చేయి కూడా ఎక్కువగా పనిచేసిందన్నమాట. వీపు మీద చరచడం, నుదుటి మీద తోయడం ఇందుకు సమానం కావు. పైపెచ్చు నుదుటి మీద తోయడం కోడెకు కుమ్ములాటకు పిలుపుగా తోస్తుంది. పిల్లలు ఆటగా చేసే ఈ పనిని మొదటనే మాన్పించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దయ అంటే గారాబం అనుకొని, మగదూడను మంద నుండి విడదీసి ఒంటరిగా పెంచడం ప్రమాదకరం. అమెరికాలో 1990లో ప్రైస్, వాలక్ ప్రచురించిన ప్రయోగంలో, చేతి మీద పాలు తాగించి ఒంటరిగా పెంచిన హెర్ఫర్డ్ జాతి కోడెలు, గుంపులో పెరిగిన వాటికన్నా మనుషుల పట్ల ఎక్కువ దుడుకుగా ప్రవర్తించాయి. తన జాతి వారితో మెలగని కోడె మనిషినే పోటీదారుగా ఎంచుతుంది. మచ్చిక చేయవలసిన దూడ మందలోనే పెరగాలి. విత్తుకొట్టించని కోడెను ఎంత సాధువుగా కనిపించినా వెన్ను చూపి నమ్మరాదు.

పశువు నేర్చుకొనే తీరుకు సంబంధించిన మూల సూత్రాలు కొన్నే. ఒక చర్యకు వెంటనే సుఖకరమైన ఫలితం కలిగితే ఆ చర్య మళ్ళీ జరిగే అవకాశం పెరుగుతుందని థార్న్‌డైక్ ఫలిత నియమం చెబుతుంది. స్కిన్నర్ దీనిని కార్యసాధక నిబంధనంగా విస్తరించాడు. ఎద్దు శిక్షణలో ఈ సుఖకరమైన ఫలితం రెండు రూపాలలో ఉంటుంది. గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు, తవుడు, మెడ నిమరడం వంటివి ఇచ్చే ఫలితాలు. ముకుతాటి మీద, పగ్గాల మీద ఉన్న ఒత్తిడిని సడలించడం తీసివేసే ఫలితం. మనస్తత్వ శాస్త్రం రెండవదానిని రుణ పునర్బలనం అంటుంది. పేరులో రుణం ఉన్నా ఇది శిక్ష కాదు. చాలామంది తోలేవారికి అర్థం కాని విషయం ఇదే. కోడెకు నేర్పేది పగ్గం లాగడం కాదు, పగ్గం వదలడం. కోడె తల పక్కకు తిప్పిన మరుక్షణమే, అంటే ఒక సెకను లోపలే పగ్గం సడలితే, తల తిప్పడమే సుఖానికి దారి అని అది గ్రహిస్తుంది. తిప్పిన తరువాత కూడా లాగుతూనే ఉంటే దానికి మిగిలేది రెండే దారులు: ఎదురు తిరగడం, లేదా ముక్కు మొద్దుబారడం. ముక్కు మొద్దుబారిన ఎద్దును తరువాత ఇద్దరు మనుషులు లాగినా ఆపలేరు.

మాట ముందు, పగ్గం తరువాత. ఈ క్రమం కూడా అంతే ముఖ్యం. ఆగమనే పిలుపు వినిపించి, ఒక క్షణం తరువాత పగ్గం బిగిస్తే, కొద్ది రోజులకు కోడె పిలుపుకే ఆగుతుంది, పగ్గం అక్కరలేకుండా పోతుంది. పావ్‌లోవ్ కుక్కల మీద చూపిన నిబంధనం ఇదే. రెండూ ఒకేసారి ప్రయోగిస్తే మాటకు విలువ ఏర్పడదు. పగ్గం ముందూ మాట తరువాతా అయితే మాట వట్టి చప్పుడుగానే ఉండిపోతుంది. మాటలు తక్కువగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి: కదలడానికి ఒకటి, ఆగడానికి ఒకటి, దాపటికి ఒకటి, వలపటికి ఒకటి. ఇంటిలోని వారందరూ అవే మాటలు వాడాలి. తండ్రి ఒక మాటతో, కొడుకు మరొక మాటతో ఆపే ఇంట కోడె ఎవరి మాటా వినదు.

శిక్షణకు తగిన వయసును పళ్ళను బట్టి నిర్ణయించడం వాడుక. పాలపళ్ళ దశలో మచ్చిక, తాడు పట్టి నడిపించడం వరకే పరిమితం కావాలి. రెండు పళ్ళు వేసిన తరువాత, అంటే సుమారు రెండున్నర సంవత్సరాల వయసులో, కాడిని పరిచయం చేయవచ్చు. నాలుగు పళ్ళ దశలో తేలికపాటి పనులు చేయించి, ఎముకలు గట్టిపడి నాలుగు సంవత్సరాలు దాటిన తరువాతనే పూర్తి పని అప్పగించాలి. ముక్కు కుట్టించడం, విత్తుకొట్టించడం పశువైద్యుని చేతనే జరగాలి. ముక్కు పుండు పూర్తిగా మానేవరకు, కనీసం రెండు మూడు వారాలు, ముకుతాటిని పట్టి లాగరాదు. ఆ గడువులో తల పగ్గంతోనే నడిపించాలి. ఇది ఎంత చిన్న నియమమో అంత తరచుగా ఉల్లంఘించబడుతున్నది.

జాతిని బట్టి కూడా ఓర్పు పాళ్ళు మారతాయి. ఒంగోలు జాతి కోడె దేహంలో పెద్దది, స్వభావంలో సాధువు. బరువైన దుక్కికి, బండికి పేరు పొందినది. నడకలో నిదానం దాని గుణమే గాని దోషం కాదు. దానిని తొందరపెట్టి పాడుచేసుకొన్న రైతులు ఉన్నారు. అనంతపురం, చిత్తూరు ప్రాంతాలకు కర్ణాటక వైపు నుండి వచ్చే హళ్ళికర్ కోడెలు చురుకైనవి, వేగంగా నడిచేవి, అంతే వేగంగా బెదిరేవి. వీటికి అరుపు అసలే పనికిరాదు. నల్లమలలోని అమ్రాబాదు ప్రాంతపు పొడ తూర్పు పశువులు అడవిలో మేసి పెరుగుతాయి కాబట్టి మనిషి సమీపానికి అలవాటు పడడానికే ఎక్కువ రోజులు పట్టడం సహజం.

అసలు శిక్షణను దొడ్డిలో ప్రారంభించి చేనిలో ముగించాలి. మొదటి వారం పది రోజులు రోజుకు రెండు పూటలు, పూటకు పావుగంట చొప్పున, తాడు పట్టి నడిపించడం, ఆపడం, నిలబెట్టి ఒళ్ళంతా చేతితో తడమడం, కాళ్ళు ఎత్తించడం చేయాలి. కాళ్ళు ఎత్తించుకోవడం అలవాటైన కోడెకు రేపు నాడాలు కొట్టించడానికి పడవేసి కట్టవలసిన పని ఉండదు. మనిషి ఎప్పుడూ వెనుక నుండి కాక, భుజానికి ఏటవాలుగా, దానికి కనిపించే దిశ నుండి దగ్గరకు రావాలి. భుజమే పశువు కదలికకు ఇరుసు వంటిది. భుజానికి వెనుకగా నిలిచి దగ్గరకు జరిగితే అది ముందుకు కదులుతుంది. భుజానికి ముందుగా జరిగితే ఆగుతుంది, లేదా వెనుకకు జరుగుతుంది. అమెరికాకు చెందిన పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఈ విషయాన్ని, పశువు చుట్టూ ఉండే పారిపోయే పరిధి అనే భావనతో కలిపి విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. ఆ పరిధిలోకి ఒక అడుగు వేస్తే పశువు కదులుతుంది, ఒక అడుగు వెనుకకు తగ్గితే నిలుస్తుంది. కర్ర లేకుండానే సగం శిక్షణ ఈ రెండు అడుగులతో పూర్తవుతుంది.

కాడిని మొదట నేల మీద పెట్టి వాసన చూడనివ్వాలి. తరువాత మెడ మీద ఆనించి, నిమిషం ఉంచి తీసివేయాలి. కోడె నెమ్మదిగా ఉన్నప్పుడే తీయాలి. అది విదిలించుకొంటున్నప్పుడు తీస్తే విదిలించుకోవడమే నేర్పినట్లవుతుంది. ఆ తరువాతి మెట్టులో పాత ఎద్దు పక్కన జతకట్టి, బరువేమీ లేకుండా నడిపిస్తారు. ఈ పాత ఎద్దు ఎంపిక మీదనే ఎంతో ఆధారపడి ఉంటుంది. మంద జంతువు కాబట్టి కోడె తన పక్కన ఉన్న ఎద్దు బెదరని చోట తానూ బెదరదు. నిదానస్తురాలైన ముసలి ఎద్దు ఒకటి ఉంటే నెల రోజుల పని రెండు వారాలలో తీరుతుందని అనుభవజ్ఞులైన సేద్యగాళ్ళు చెప్పే మాటలో అతిశయోక్తి లేదు. రెండు కొత్త కోడెలను ఒకే కాడికి కట్టి నేర్పబూనడం మాత్రం రెండింటినీ చెడగొట్టుకోవడమే. ఊరిలో ఒక మంచి ముసలి జత ఉంటే దానిని సంతకు తోలనివ్వకుండా, కొత్త కోడెల శిక్షణకు వంతులవారీగా వాడుకొనేలా రైతు బృందాలను ఒప్పించడం విస్తరణ సిబ్బంది చేయగల ఉపయోగకరమైన పనులలో ఒకటి.

జతలో దాపట కట్టిన కోడె దాపటనే, వలపట కట్టినది వలపటనే అలవాటు పడుతుంది. పక్క మార్చితే తడబడుతుంది. ఎందుకంటే ఇన్నాళ్ళూ ఒక కంటితో చూసిన తోటి ఎద్దును ఇప్పుడు మరొక కంటితో చూడవలసివస్తుంది, తిరుగుడు వద్ద లోపలి వైపు నడిచినది బయటివైపు నడవవలసివస్తుంది. రెండు పక్కలా నేర్పడం అసాధ్యం కాదు గాని, సాధారణ రైతుకు ఆ శ్రమ దండగ.

బరువు లేని నడక కుదిరాక తేలికైన కొయ్యదుంగను, ఆపైన ఖాళీ బండిని, అటుపైన ముందే దున్ని గుల్లబారిన నేలలో నాగలిని లాగించాలి. కోడె మొదటి దుక్కిని ఎండిన నల్లరేగడిలో వేయించడం పొరపాటు. లాగినా కదలని బరువు దానికి ప్రయత్నం వ్యర్థమనే పాఠం నేర్పుతుంది. ఉదయపు చల్లని వేళ గంటకు మించకుండా, ఇంకా లాగగలిగిన స్థితిలో ఉండగానే విప్పివేయాలి. చివరి సాలు బాగా వచ్చినప్పుడు ఆపడం మంచిది. అది మరునాటికి గుర్తుంటుంది. అంతరకృషి అన్నింటికన్నా చివరి మెట్టు. ముందు విశాలమైన ప్రత్తి సాళ్ళలో, ఆ తరువాత కంది, మొక్కజొన్నలలో, కడపట వేరుశనగలో నడిపించాలి. మొక్కకు మూతి పెట్టకుండా చిక్కం కట్టడం తప్పనిసరి. చిక్కాన్ని కూడా ముందుగా దొడ్డిలోనే అలవాటు చేయాలి. పచ్చని చేనిలో ఆకలితో ఉన్న కోడెకు హఠాత్తుగా చిక్కం కట్టి సాలు తప్పకుండా నడవమనడం న్యాయం కాదు. మేపి తీసుకురావాలి.

అన్నీ సక్రమంగా నడుస్తూ ఉన్నట్టుండి కోడె మొరాయిస్తే మొదట వెదకవలసినది నొప్పిని. కాడిమాను కింది అంచు గరుకుగా ఉన్నదా, మెడ చర్మం కందినదా, మెడ పట్టెడ బిగుసుకున్నదా, గిట్టల మధ్య రాయి చిక్కినదా, కంటిలో పొర వచ్చినదా అని చూడాలి. మెడపుండుతో ఉన్న ఎద్దు కాడిని చూడగానే వెనుకకు తగ్గుతుంది. దానిని కొట్టి కాడి కిందికి తెస్తే పుండు, భయం రెండూ ముదురుతాయి. ఎద్దు బండ్లు, కాడి నిర్మాణంలో సంస్కరణల కోసం కృషి చేసిన, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ వ్యవస్థాపక డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి పదే పదే ఎత్తిచూపినది ఈ మెడ బాధనే. నునుపుగా చెక్కి, వెడల్పు పెంచి, మెత్త కట్టిన కాడికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆ తరువాత మొరాయింపు తగ్గితే దానిని శిక్షణ ఫలితమని రైతు అనుకొన్నా నష్టం లేదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1965లో చేసిన భారవాహక పశువుల నియమాలు ముల్లుగర్రనూ, మొలలు గల కాడినీ, గాయపరిచే ఇతర సాధనాలనూ నిషేధించాయి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పశువును పనిచేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల మధ్య కాడి కట్టరాదు. సంస్కృత వ్యవసాయ గ్రంథమైన కృషి పరాశరం ఒకే జతతో దుక్కి అంతా సాగించడాన్ని నింద్యంగా పరిగణించి, మార్చి మార్చి కట్టడానికి వీలుగా ఎక్కువ ఎద్దులుండాలని కోరింది. నేటి చిన్నరైతుకు నాలుగు జతలు సాధ్యం కావు. కాని పూటకు పూటకు మధ్య విశ్రాంతి సాధ్యమే.

దెబ్బ లేనిదే ఎద్దు కదలదనే రైతు వాదనను విస్తరణ శాస్త్రవేత్త తేలికగా తీసివేయరాదు. దెబ్బకు ఎద్దు కదులుతుందన్నది నిజమే. ఎటు కదలాలో, ఎంత కదలాలో, ఎప్పుడు ఆగాలో దెబ్బ చెప్పదు, వాదనలోని లోపం అక్కడ ఉంది. పైగా దెబ్బకు అలవాటు పడిన ఎద్దుకు రోజురోజుకు దెబ్బ పెంచవలసివస్తుంది, మాటకు అలవాటు పడినదానికి రోజురోజుకు గొంతు తగ్గించవచ్చు. రైతుకు దీనిని ఉపన్యాసంతో కాక ప్రదర్శనతో చూపాలి. ఆస్ట్రేలియాలో హెమ్స్‌వర్త్ బృందం పాడిశాలల పనివారికి పశువుల పట్ల దృక్పథాన్నీ, ప్రవర్తననూ మార్చే శిక్షణ ఇచ్చినప్పుడు ఆవులలో మనిషి భయం తగ్గిందని తేలింది. అంటే శిక్షణ మొదలుకావలసినది తోలేవాని వద్ద. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్ళే విద్యార్థులు కనీసం ఒక్క జత శిక్షణను మొదటి రోజు నుండి చివరి వరకు గమనించి నమోదు చేయాలి: ఎన్ని రోజులు పట్టింది, ఏ మెట్టులో ఆగింది, పని తరువాత నిమిషానికి శ్వాసలు ఎన్ని, విశ్రాంతిలో సాధారణమైన 15-30 స్థాయికి రావడానికి ఎంత సేపు పట్టింది, సాలుకు ఎన్ని మొక్కలు పోయాయి. ముసలి సేద్యగాళ్ళు జీవించి ఉండగానే వారి మాటలను, వారు ఎద్దులతో మాట్లాడే పిలుపులను కూడా రాసుకోవాలి. ప్రాంతానికొక తీరున ఉండే ఈ పిలుపుల పట్టిక మన విశ్వవిద్యాలయాలలో ఉండదగినది.

ఈ పట్టికకు ఒక తక్షణ ప్రయోజనం ఉంది. సంతలో ఎద్దును కొనేవారు పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, నడిపించి చూస్తారు. అది ఏ మాటకు ఆగుతుందో, దాపటిదో వలపటిదో అడిగేవారు అరుదు. కన్నడ పిలుపులకు అలవాటు పడిన హళ్ళికర్ ఎద్దు అనంతపురం చేనిలో తెలుగు పిలుపుకు కదలకపోతే అది తప్పు చేసినట్లు కాదు. అమ్మినవాని నుండి పాత మాటలను తెలుసుకొని, మొదటి పది పదిహేను రోజులు కొత్త మాటను ముందు, వెంటనే పాత మాటను పలకాలి. క్రమంగా పాతదానిని వదిలివేస్తే ఎద్దు కొత్త మాటకే కదులుతుంది. ఆ పది పదిహేను రోజులూ దానిని పాత యజమాని పెట్టిన పేరుతోనే పిలవడం మంచిది.